క్రవాత్ పద్ధతి అంటే ఏమిటి? ఒక న్యూయార్క్ లా సంస్థ గురించి వచ్చిన ప్రశ్నకు జవాబు

విశాఖపట్నంలో ఐదేళ్ల లా కోర్సు నాలుగో సంవత్సరం చదువుతున్న ఒకరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: "అమెరికా కార్పొరేట్ లా సంస్థల గురించి ఏది చదివినా 'క్రవాత్ పద్ధతి', 'క్రవాత్ స్కేలు' అనే మాటలు ఎదురవుతున్నాయి. వేలమంది లాయర్లున్న సంస్థలుండగా, ఐదు వందల మంది ఉన్న ఈ సంస్థకు అంత పేరెందుకు? అక్కడ పని నిజానికి ఎలా ఉంటుంది? మన దగ్గర చదివినవాళ్లకు అందులో చోటుందా?"

నేను క్రవాత్, స్వేన్ అండ్ మూర్ సంస్థలో పనిచేయలేదని ముందే చెప్పడం న్యాయం. హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌బీ పూర్తిచేసి, అక్కడే ఒక సీనియర్ గారి ఆఫీసులో మూడేళ్లు కేసు కట్టలు మోసి, తర్వాత న్యూయార్క్‌లో ఎల్‌ఎల్‌ఎం చేసి, అదే కోవకు చెందిన మరో పెద్ద సంస్థలో పదకొండేళ్లు ఉన్నాను. ఇప్పుడు ఒక కంపెనీ న్యాయవిభాగంలో కూర్చుని, అలాంటి సంస్థలు పంపే బిల్లులను పరిశీలిస్తున్నాను. కనుక ఈ వ్యవస్థను లోపలి నుంచీ, డబ్బు కట్టేవాడి వైపు నుంచీ చూసినవాడిగా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, క్రవాత్‌కు ఇంత పేరు రావడానికి అది గెలిచిన కేసుల కంటే, లాయర్లను తయారుచేయడానికి అది పోసిన అచ్చు పెద్ద కారణం. మంచి లా కళాశాలల్లో ముందు వరుసలో నిలిచినవారిని చదువు పూర్తికాగానే తీసుకోవడం, వారికి జీతం ఇవ్వడం, సంస్థ లాభంలో వాటా ఉన్న ఒక భాగస్వామి దగ్గర నుంచి మరో భాగస్వామి దగ్గరకు తిప్పుతూ పని నేర్పడం, కొన్నేళ్లు గడిచాక భాగస్వామిని చేయడం లేదా సాగనంపడం, ఆ భాగస్వాములను బయటి నుంచి తెచ్చుకోకుండా ఇంట్లో పెరిగినవారి నుంచే ఎంచుకోవడం, లాభాన్ని సీనియారిటీని బట్టి పంచుకోవడం అనేవి ఆ అచ్చులోని నియమాలు. ఇవి ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలిచే నియమాలు కాబట్టి, ఒక దాన్ని కదిలిస్తే మిగిలినవీ వదులవుతాయి. గత పదేళ్లలో అక్కడ జరిగిన మార్పులన్నిటికీ మూలం ఇదేనని నా అభిప్రాయం.

చరిత్ర క్లుప్తంగా చెబుతాను. సంస్థ తన పుట్టుకను 1819 నుంచి లెక్కిస్తుంది. తొలి తరం పేర్లలో ఇద్దరు గుర్తుంచుకోదగినవారు: లింకన్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రిగా చేరి, 1867లో రష్యా నుంచి అలాస్కాను 72 లక్షల డాలర్లకు కొనుగోలు చేయించిన విలియం సీవార్డ్ ఒకరు, 1882లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన శామ్యూల్ బ్లాచ్‌ఫర్డ్ మరొకరు. కాని ఆ కాలపు సంస్థకూ నేటి సంస్థకూ పేరులోనే కాదు, స్వభావంలోనూ పోలిక తక్కువ. అప్పటి లాయరు ప్రధానంగా కోర్టులో వాదించేవాడు. ఆయన చుట్టూ గుమాస్తాలు, చదువుకోవడానికి వచ్చిన శిష్యులు ఉండేవారు. మన జిల్లా కోర్టుల దగ్గర సీనియర్ ఆఫీసు ఎలా ఉంటుందో దాదాపు అలాగే ఉండేదన్నమాట.

ఈ స్థితిని మార్చినవి రైలు మార్గాలు. వేల మైళ్ల పట్టాలు వేయడానికి కావలసిన పెట్టుబడి ఒక ఊరిలోనో, ఒక కుటుంబం దగ్గరో దొరికేది కాదు. న్యూయార్క్ బ్యాంకర్లు బాండ్లు అచ్చువేసి లండన్‌లోనూ యూరప్‌లోని ఇతర నగరాల్లోనూ అమ్మేవారు. ఒక్కొక్క బాండు వెనుక వందల పేజీల తనఖా పత్రం ఉండేది. 1893 ఆర్థిక సంక్షోభంలో రైల్వే కంపెనీలు వరుసగా దివాలా తీసినప్పుడు, ఎవరి అప్పు ముందు తీర్చాలి, ఏ వాటాదారుకు ఏం మిగులుతుంది, కంపెనీని ఏ రూపంలో మళ్లీ నిలబెట్టాలి అనే ప్రశ్నలు తలెత్తాయి. వీటికి జవాబు కోర్టు హాలులోని వాగ్ధాటి వల్ల రాదు. పదిమంది కలిసి కూర్చుని నెలల తరబడి పత్రాలు రాస్తే వస్తుంది. ఒక్కడి ప్రతిభ మీద నడిచే ఆఫీసు ఈ పనికి సరిపోదు కనుక, బృందాన్ని తయారుచేయగల ఆఫీసు అవసరమైంది.

ఆ అవసరాన్ని అందరికంటే స్పష్టంగా గుర్తించినవాడు పాల్ క్రవాత్. ఆయన 1861లో ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి, నల్లజాతివారి ఉన్నత విద్య కోసం నాష్‌విల్‌లో వెలసిన ఫిస్క్ విశ్వవిద్యాలయానికి మొదటి అధ్యక్షుడు. కొలంబియాలో లా చదివిన క్రవాత్, చిన్న వయసులోనే జార్జ్ వెస్టింగ్‌హౌస్‌కు లాయరై, విద్యుత్ బల్బు పేటెంటు విషయంలో ఎడిసన్ కంపెనీ వేసిన వ్యాజ్యాన్ని ఎదుర్కొన్నాడు. ఆ కేసులో పైచేయి ఎడిసన్ పక్షానిదే అయినా, సాంకేతిక విషయాలతో నిండిన పెద్ద వ్యాజ్యాన్ని నడపడానికి ఎంత వ్యవస్థ కావాలో ఆయనకు అప్పుడే అర్థమై ఉంటుందని నేననుకుంటాను. 1899లో ఈ సంస్థలో చేరాక తన పద్ధతిని అమలుచేయడం మొదలుపెట్టాడు. దాని వివరాలు నేడు మనకు తెలియడానికి కారణం, తర్వాతి తరం భాగస్వామి, రైల్వేల పునర్వ్యవస్థీకరణలో దిట్ట అయిన రాబర్ట్ స్వేన్, సంస్థ చరిత్రను 1940లలో మూడు సంపుటాలుగా రాసిపెట్టడం. 1944లో స్థిరపడిన పేరులోని స్వేన్ ఈయనే.

నియమాలన్నిటిలో జీతానిది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. జూనియర్‌కు జీతం ఇచ్చి, సొంత కేసులు చేసుకోకూడదని కట్టుబాటు పెట్టడం నేడు మామూలు సంగతిలా అనిపిస్తుంది. కాని హైదరాబాద్‌లో నేను చేరినప్పుడు మా సీనియర్ గారు పండుగకు బట్టలు, నెలకు దారి ఖర్చులు ఇచ్చేవారు. మిగతాది మనం ఎక్కడో చెక్‌బౌన్స్ కేసులు పట్టుకుని సంపాదించుకోవాలి. ఆయన చెడ్డవారు కారు, ఆయన సీనియర్ కూడా ఆయనకు అంతే ఇచ్చారు. అయితే ఆ ఏర్పాటులో జూనియర్ సమయం సీనియర్ సొత్తు కాదు కనుక, అతనికి పద్ధతిగా పని నేర్పాలనే బాధ్యత కూడా ఎవరికీ ఉండదు. జీతం ఇచ్చినవాడికి ఆ సమయం వృథా కాకుండా చూసుకోవాలనే ఆలోచన తప్పనిసరిగా వస్తుంది. నేర్పడం అనేది దయగా కాక పెట్టుబడిగా మారింది అక్కడే.

తర్వాతది తిప్పడం. క్రవాత్‌లో కార్పొరేట్ విభాగపు అసోసియేట్ (ఇంకా భాగస్వామి కాని, జీతం మీద పనిచేసే లాయరు) ఒక భాగస్వామి లేదా చిన్న బృందం దగ్గర ఏడాదో ఏడాదిన్నరో పనిచేసి, తర్వాత మరో బృందానికి మారతాడు. కంపెనీల విలీనాలు చేసినవాడు తర్వాత బ్యాంకు రుణాల ఒప్పందాలు, ఆ తర్వాత షేర్ల జారీ చూస్తాడు. నేను పనిచేసిన సంస్థలో ఈ పద్ధతి లేదు. ఎవరికి ఖాళీ ఉంటే వారికి పని వచ్చి పడేది. బాండ్ల ఒప్పందాలు బాగా రాస్తానని పేరు రావడమే నాకు శిక్ష అయింది, నాలుగేళ్లు అవే రాశాను. ఐదో ఏట ఒక కంపెనీ కొనుగోలు వ్యవహారంలో కూర్చోబెట్టినప్పుడు, నాకంటే రెండేళ్లు చిన్నవాడు అడుగుతున్న ప్రశ్నలు నాకు తట్టకపోవడం చూసి సిగ్గుపడ్డాను. అప్పుడు నేను చేసిన పొరపాటు కూడా చెబుతాను. అమ్ముతున్న కంపెనీ గోదాము లీజులో, కంపెనీ యాజమాన్యం మారితే గోదాము సొంతదారు లీజు రద్దు చేసుకోవచ్చనే షరతు ఉంది. అది ప్రధాన పత్రంలో కాక, మూడేళ్ల తర్వాత చేసుకున్న సవరణ పత్రంలో ఉండటంతో నా కంటికి తప్పిపోయింది. ఒప్పందం మీద సంతకాలకు రెండు రోజుల ముందు ఎదుటి పక్షపు లాయరే దాన్ని ఎత్తి చూపాడు. సవరణలను మూలపత్రం కంటే ముందు చదవాలనే అలవాటు నాకు ఆ రోజు నుంచి వచ్చింది.

పైకి వెళ్లు, లేదా బయటికి వెళ్లు అనే నియమం బయటివారికి క్రూరంగా కనిపిస్తుంది, చాలావరకు క్రూరమే. ఎనిమిది, తొమ్మిదేళ్ల తర్వాత భాగస్వామ్యం దక్కేది చాలా కొద్దిమందికి. కాని వెళ్లిపోయినవారు వీధిన పడరు. ఎక్కువమంది కంపెనీల న్యాయవిభాగాల్లోకీ, ప్రభుత్వంలోకీ వెళ్లి, రేపు అదే సంస్థకు పని ఇచ్చే స్థానంలో ఉంటారు. అందువల్ల మర్యాదగా సాగనంపడం కూడా వ్యాపారంలో భాగమే. సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన విలియం ఓ డగ్లస్, ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడిగా చేసిన జాన్ మెక్లాయ్ ఒకప్పుడు అక్కడ పనిచేసినవారే.

ఇక లాభాల పంపకం. ఫలానా క్లయింటును నేను తెచ్చాను కనుక నాకు ఎక్కువ వాటా అనే మాటకు అక్కడ చోటుండేది కాదు. ఒకే ఏడాది భాగస్వాములైనవారికి ఒకే మొత్తం వచ్చేది. దీనివల్ల కలిగిన మేలు ఏమిటంటే, పన్నుల చిక్కు వచ్చినప్పుడు ఆ క్లయింటును తన దగ్గరే దాచుకోకుండా పన్నుల నిపుణుడి గదికి తీసుకెళ్లడానికి ఎవరూ వెనుకాడనక్కర్లేదు. క్లయింటు నా వాడు, నీ వాడు అనే కొట్లాటలు మరోచోట ఎంత దూరం వెళ్తాయో చూసినవాడిగా, ఈ నియమం విలువ నాకు బాగా తెలుసు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్రతిభ ఒక్కటే కొలత అని చెప్పుకున్న ఈ వ్యవస్థ, ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగంలో ఆచరణలో అలా లేదు. న్యూయార్క్ పెద్ద సంస్థల తలుపులు యూదులకు, క్యాథలిక్కులకు చాలాకాలం అరకొరగానే తెరుచుకున్నాయి, నల్లజాతివారికి, స్త్రీలకు దాదాపు మూసే ఉన్నాయి. దాని ఫలితం చరిత్రలో విచిత్రంగా బయటపడింది. యాజమాన్యం ఇష్టానికి వ్యతిరేకంగా కంపెనీని కొనేయడం పెద్దమనుషుల పని కాదని పాత సంస్థలు దూరం పెడితే, 1948లో మొదలైన స్కాడెన్ ఆర్ప్స్‌లో మొట్టమొదటి అసోసియేట్‌గా చేరిన జో ఫ్లామ్ ఆ పనిలోనే ఆరితేరాడు. ఎదుటి పక్షాన 1965లో వాక్టెల్ లిప్టన్ సంస్థను ప్రారంభించినవారిలో ఒకరైన మార్టిన్ లిప్టన్, 1982లో యాజమాన్యం ఒప్పుకోని కొనుగోలును అడ్డుకునే 'పాయిజన్ పిల్' అనే రక్షణ కవచాన్ని కనిపెట్టాడు. 1985లో డెలావేర్ సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 1980ల నాటికి వీరిద్దరి పేర్లు లేని పెద్ద కొనుగోలు అరుదు. క్రవాత్ విషయానికొస్తే, 1971లో మొదటి మహిళా భాగస్వామి అయిన క్రిస్టీన్ బెషార్ అసలు లా కళాశాలకే వెళ్లలేదు. లా ఆఫీసులో పనిచేస్తూ చదువుకుని బార్ పరీక్ష గట్టెక్కారు. ఉత్తమ కళాశాలల మొదటి ర్యాంకుల మీద కట్టిన పద్ధతికి ఇంతకంటే చక్కని మినహాయింపు ఉండదు. 2017లో ఫైజా సయీద్ సంస్థకు నేతృత్వం వహించిన మొదటి మహిళ అయ్యారు.

పద్ధతి ఎంత బరువు మోయగలదో తెలియాలంటే ఐబీఎం కేసు చూడాలి. 1969 జనవరి 17న, జాన్సన్ ప్రభుత్వం దిగిపోవడానికి మూడు రోజుల ముందు, కంప్యూటర్ మార్కెట్‌ను గుప్పిట్లో పెట్టుకుందన్న ఆరోపణతో అమెరికా ప్రభుత్వం ఐబీఎం మీద వ్యాజ్యం వేసింది. ఐబీఎం తరఫున క్రవాత్ నిలబడింది. బృందానికి థామస్ బార్ నాయకుడు. విచారణ 1975లో మొదలై ఆరేళ్లకు పైగా నడిచింది, సాక్ష్యాల నమోదు లక్ష పేజీలు దాటింది. 1982 జనవరిలో కేసులో పస లేదంటూ ప్రభుత్వమే దాన్ని ఉపసంహరించుకుంది. పదమూడేళ్లలో లా కళాశాల నుంచి వచ్చి, ఆ ఒక్క కేసు మీదే పనిచేసి, సంస్థ విడిచి వెళ్లిపోయిన అసోసియేట్లు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు. మనుషులు మారుతున్నా కేసు జ్ఞాపకం చెదరకుండా ఉండటం ఒక్క సీనియర్ ఆఫీసులో సాధ్యమయ్యే పని కాదు. ఆ రోజుల గురించి ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు: ఒక అసోసియేట్ విమానంలో కాలిఫోర్నియాకు వెళ్తూ దారంతా పనిచేసి, మూడు గంటల కాలవ్యత్యాసం కలుపుకుని ఒకే రోజుకు 27 గంటల బిల్లు వేశాడట.

ఆ బృందంలో ఎదిగిన డేవిడ్ బాయిస్ 1997లో సంస్థ విడిచిన తీరు వృత్తిధర్మం పాఠాల్లో చెప్పదగినది. బేస్‌బాల్ జట్టు యాంకీస్ తరఫున ఆయన లీగ్ మీద వ్యాజ్యం వేయబోతే, మరో జట్టు బ్రేవ్స్‌కు యజమాని అయిన టైమ్ వార్నర్ కంపెనీ క్రవాత్‌కు క్లయింటు కావడంతో చిక్కు వచ్చింది. ఆయన కేసును ఎంచుకుని బయటికి వచ్చారు. మన దగ్గర ఒక సీనియర్ ఆఫీసులో ఈ సమస్య ఏడాదికి ఒకసారి రావచ్చు. పెద్ద సంస్థలో ప్రతి కొత్త క్లయింటు పేరునూ ఉన్న క్లయింట్లందరితో సరిచూడటానికి ప్రత్యేక విభాగమే ఉంటుంది.

రోజువారీ పని గురించి అడిగారు. కోర్టుకు వెళ్లడం చాలా తక్కువ. కార్పొరేట్ విభాగంలోనైతే అసలు ఉండదు. మొదటి రెండేళ్లు డేటా రూములో (అమ్ముతున్న కంపెనీ పత్రాలన్నీ ఉంచే చోట) వేల ఒప్పందాలు చదవడం, ఒప్పందానికి జతచేసే పట్టికలు తయారుచేయడం, ఎదుటి పక్షం పంపిన ముసాయిదాను మనదానితో అక్షరం అక్షరం పోల్చడం, సంతకాల పేజీలు పోగుచేయడం ఉంటాయి. గంటను పది భాగాలు చేసి, ఆరేసి నిమిషాల లెక్కన ఏ క్లయింటు కోసం ఏం చేశారో రాయాలి. ఏడాదికి రెండు వేల గంటల బిల్లు వేయాలంటే ఆఫీసులో అంతకు చాలా ఎక్కువ గంటలు గడపాలి, ఎందుకంటే భోజనానికీ, శిక్షణకూ, మనసు పనిచేయని సాయంత్రానికీ ఎవరూ డబ్బివ్వరు. ఇప్పుడు బల్ల అవతల కూర్చున్న నేను, ఐదుగురు లాయర్లు ఒకే ఫోన్ సంభాషణలో ఉన్నారని బిల్లు వస్తే ముగ్గురి గంటలు కొట్టేస్తాను. మొదటి ఏడాది అసోసియేట్ గంటలకు డబ్బు కట్టబోమని ముందే రాసుకునే కంపెనీలు కూడా ఉన్నాయి. నేర్పడం పెట్టుబడి అన్నాను కదా, ఆ పెట్టుబడిలో ఒక భాగం క్లయింటు జేబులోంచి వచ్చేదన్నది దాని వెనుక వైపు.

ఇక 'క్రవాత్ స్కేలు', అంటే పెద్ద సంస్థలు అనుసరించే అసోసియేట్ జీతాల కొలమానం సంగతి. 1968లో సంస్థ కొత్త అసోసియేట్ జీతాన్ని ఏడాదికి 15,000 డాలర్లకు పెంచితే, మిగిలిన సంస్థలు గొణుక్కుంటూనే అనుసరించాయి. 1986లో 65,000, 2016లో 1,80,000 డాలర్లు కూడా అక్కడ మొదలైనవే. ఇటీవల మొదటి అడుగు తరచు మిల్‌బ్యాంక్ అనే మరో సంస్థ వేస్తోంది; 2023 నవంబరులో 2,25,000 డాలర్లు ప్రకటించింది అదే. అయినా వాడుకలో పేరు మాత్రం క్రవాత్‌దే.

వదులైన చోటికి వద్దాం. 1979లో మొదలైన ఒక వృత్తిపత్రిక, 1985 నుంచి ఏ సంస్థలో భాగస్వామికి ఎంత లాభం వస్తోందో పట్టికగా వేయసాగింది. అప్పటిదాకా పక్క సంస్థలో ఎంత వస్తుందో లాయర్లకు ఊహే తప్ప లెక్క తెలియదు. లెక్క తెలిశాక, ఎక్కువ పని తెచ్చేవాడికి ఎక్కువ ఇస్తామనే సంస్థలు పెరిగాయి. 1909లో షికాగోలో పుట్టిన కర్క్‌లాండ్ అండ్ ఎల్లిస్ ఆ దారిలో మూడు వేల మందిని దాటింది. 2016లో క్రవాత్ భాగస్వామి స్కాట్ బార్షే పాల్ వైస్ అనే పోటీ సంస్థకు వెళ్లడం పెద్ద వార్త అయిందంటే, అలాంటిది అక్కడ అంత అరుదు. తర్వాత 2021లో లాభాల పంపకంలో సీనియారిటీ నియమాన్ని సడలించారు, 2022లో వాషింగ్టన్‌లో ఆఫీసు తెరుస్తూ ప్రభుత్వ నియంత్రణ సంస్థల్లో పనిచేసినవారిని నేరుగా భాగస్వాములుగా తీసుకున్నారు, 2023లో జీతం మీద ఉండే భాగస్వాముల శ్రేణిని ప్రవేశపెట్టారు. పంపకం సడలితే బయటివారిని తేవడం తేలికవుతుంది, బయటివారు వస్తే పైకో బయటికో అనే నియమానికి అర్థం తగ్గుతుంది. ఇది పతనమని నేననను. కాని మీరు పుస్తకంలో చదివే క్రవాత్ పద్ధతి నేడు క్రవాత్‌లో కూడా పూర్తిగా లేదని తెలిసి ఉండాలి.

మన దగ్గర ఇలాంటి సంస్థలు ఆలస్యంగా పెరగడానికి ప్రతిభ లోపం కారణం కాదు. 1956 నాటి కంపెనీల చట్టం ప్రకారం భాగస్వామ్య సంస్థలో ఇరవై మందికి మించకూడదు; 2008లో పరిమిత బాధ్యత భాగస్వామ్యాల (ఎల్‌ఎల్‌పీ) చట్టం వచ్చాకే ఆ అడ్డు తొలగింది. వ్యాపార ప్రకటనలకు బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పవు. విదేశీ సంస్థల విషయంలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2023లో నిబంధనలు ప్రకటించి 2025లో సవరించింది. వాటి ప్రకారం కూడా విదేశీ, అంతర్జాతీయ చట్టాల మీద సలహాకూ ఆర్బిట్రేషన్‌కూ పరిమితమే తప్ప మన కోర్టుల్లో వాదించే వీలు లేదు.

మీకు చోటుందా అంటే, ఉంది కాని ద్వారం ఇరుకు. ఈ సంస్థలు కొత్తవారిని ప్రధానంగా అమెరికాలో జేడీ అనే మూడేళ్ల లా డిగ్రీ చదివినవారి నుంచి, రెండో ఏడాది వేసవి శిక్షణ ద్వారా తీసుకుంటాయి. ఒక్క ఏడాది ఎల్‌ఎల్‌ఎం చేసినవారికి ఆ వేసవి దొరకదు. అందుకే నాతో చదివిన భారతీయుల్లో పెద్ద సంస్థల్లో కుదురుకున్నవారు కొద్దిమందే, వారూ ముందుగా ముంబయి, ఢిల్లీ సంస్థల్లో నాలుగైదేళ్లు లావాదేవీల పని చేసి వచ్చినవారు. నేను కోర్టు అనుభవంతో వెళ్లినందుకు ఉద్యోగం దొరకడానికి పది నెలలు పట్టింది. న్యూయార్క్ బార్ పరీక్షకు మాత్రం మన డిగ్రీ పనికొస్తుంది. కామన్ లా దేశపు డిగ్రీ కనుక కాలవ్యవధి, పాఠ్యాంశాలు రెండూ సరిపోతే నేరుగా రాయవచ్చు. రెండింటిలో ఏదో ఒకటి తగ్గితే కనీసం 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎంతో పూడ్చుకోవచ్చు. కాబట్టి ఎల్‌ఎల్‌ఎం ఫీజు కట్టకముందే న్యూయార్క్ రాష్ట్ర బార్ పరీక్షల బోర్డుకు మీ సర్టిఫికెట్లు పంపి, మీది ఏ కోవలోకి వస్తుందో రాతపూర్వకంగా తేల్చుకోండి. అక్కడి నుంచి జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు, కనుక ఐదో సంవత్సరం మొదట్లోనే ఆ పని ప్రారంభించండి.